ఒక్క వానకే సిల్ట్ ఫెన్స్ పడిపోయింది: గట్టిగా మళ్ళీ కట్టాలా, పద్ధతే మార్చాలా?

పునాదిరాయి
రెండు హెక్టార్ల స్థలంలో నాలుగు భవనాల నిర్మాణం నా పర్యవేక్షణలో సాగుతోంది. నేల దాదాపు 4 శాతం వాలుతో ఒకే వైపుకు దిగుతుంది. పొదలన్నీ తీయించి, స్థలం మొత్తాన్ని ఒకేసారి చదును చేసి, దిగువ సరిహద్దు పొడవునా 140 మీటర్ల సిల్ట్ ఫెన్స్, అంటే వాననీటితో వచ్చే మట్టిని ఆపే గుడ్డ కంచె, కట్టించాము. మొన్న గంటసేపు కురిసిన వానకు పల్లపు మూలలో ఇరవై మీటర్ల ఫెన్స్ ఒరిగిపోయింది. బురద ముందు రోడ్డు మీదికి, అక్కడి నుంచి వాననీటి కాలువలోకి, చివరికి దిగువనున్న చెరువులోకి చేరింది. తెల్లవారి నేను వెళ్ళేసరికి రోడ్డు మీద జానెడు మందాన మట్టి పేరుకుని ఉంది. ఒక ఇంటివాళ్ళు గేటు తెరుచుకోవడానికి పారలతో బురద ఎత్తిపోసుకుంటున్నారు. ఆ దృశ్యం చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఇనుప స్తంభాలు, రెండు పొరల గుడ్డ వేసి మళ్ళీ కడతానని కాంట్రాక్టరు అంటున్నారు. ఒప్పుకోమంటారా? సెల్లారు గుంతలో నడుము లోతు నీళ్ళు నిలిచాయి, వాటిని ఎటు తోడించాలో కూడా తేలడం లేదు.

వాలుగట్టు
స్తంభాల సంగతి తర్వాత చూద్దాం, ముందు మూడు విషయాలు చెప్పండి. గుడ్డ అడుగు భాగాన్ని కందకం తీసి పాతారా, లేక పైన కాస్త మట్టి కప్పి వదిలేశారా? స్తంభాలు గుడ్డకు ఏ వైపున ఉన్నాయి? మీ స్థలానికి ఎగువనున్న నేల మీద పడిన వాన కూడా మీ స్థలం గుండానే దిగుతోందా?

పునాదిరాయి
గుడ్డ అడుగున మట్టి కప్పారు, కందకం తీయలేదు. స్తంభాలు మా స్థలం వైపు, అంటే నీళ్ళు వచ్చి ఆగే వైపున ఉన్నాయి. ఎగువన దాదాపు ఒక హెక్టారు ఖాళీ నేల ఉంది. దాని నీళ్ళన్నీ మా మీదుగానే వస్తాయని మొన్ననే గమనించాను.

తూముకాపరి
రెండు పొరల గుడ్డ వేస్తే ఇంకా త్వరగా పడుతుంది. సిల్ట్ ఫెన్స్ గుడ్డ నీటిని మెల్లగా వదులుతుంది, సన్నమట్టి కలిసిన నీరు తగిలే కొద్దీ దాని కన్నాలు పూడుకుంటూ పోతాయి. ఆ తర్వాత అక్కడ ఉన్నది గుడ్డతో కట్టిన ఆనకట్ట. నేను ఒకసారి వానలో గొడుగు పట్టుకుని ఫెన్స్ పక్కనే నిలబడి మొదటి నుంచి చివరిదాకా చూశాను. ముందు గుడ్డ అడుగున చెమ్మ కనిపించింది. నీరు మోకాలి ఎత్తుకు చేరేసరికి గుడ్డ తెరచాపలా ఉబ్బింది. ఒక స్తంభం మొదట్లో వేలెడు సందు ఏర్పడి, అందులోంచి అవతలి వైపు బురదనీరు ఊటలా పొంగింది. అంతే, మూడు స్తంభాలు వరుసగా ఒరిగాయి. గుడ్డ మాత్రం ఎక్కడా చినగలేదు. నీరు కింద దూరి మట్టిని తోడేసుకోవడమే అది పడడానికి కారణం. మీ దగ్గర జరిగిందీ ఇదే అయి ఉంటుంది.

కట్టే పద్ధతి ఒకటుంది. 15 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గల కందకం తీసి, గుడ్డ అంచును అందులోకి దింపి, మట్టి పోసి గట్టిగా దిమ్మిస కొట్టాలి. స్తంభాలు దిగువ వైపున ఉండాలి, అప్పుడే నీటి ఒత్తిడికి గుడ్డ స్తంభాలకు ఆనుకుంటుంది. ఫెన్స్ ఒకే మట్టం వెంట సాగాలి. రెండు కొసలనూ ఎగువ వైపుకు వంచకపోతే నీరు పక్కనుంచి జారిపోతుంది. పేరుకున్న మట్టి ఫెన్స్ ఎత్తులో మూడో వంతుకు చేరగానే తీసేయాలి.

ఇంత శ్రద్ధగా కట్టినా అది పలుచగా పరుచుకుని వచ్చే నీటికే పనికొస్తుంది. 30 మీటర్ల ఫెన్స్‌కు ఎగువన 0.1 హెక్టారుకు మించి నేల ఉండకూడదన్నది ఈ పనిలో వాడుకలో ఉన్న లెక్క. ఆ లెక్కన మీ 140 మీటర్లకు అర హెక్టారు కూడా రాదు. మీరు రెండు హెక్టార్ల నీటిని, పైనుంచి వచ్చే ఇంకో హెక్టారు నీటిని దాని మీద మోపారు, అది కూడా ఒక్క మూలలో.

కొత్తఇంజినీరు
నేను చూసిన ప్రతి సైట్‌లోనూ స్తంభాలు లోపలి వైపే ఉన్నాయి. బయటి నుంచి చూడడానికి గుడ్డ నున్నగా కనిపిస్తుందని అలా పెడతారని మా మేస్త్రీ చెప్పారు.

నీటిలెక్క
తూముకాపరి గారు చెప్పిన దానికి అంకెలు జోడిస్తాను. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు, హెక్టారు మీద పడితే 10 ఘనపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వానకు రెండు హెక్టార్ల మీద పడే నీరు 500 ఘనపు మీటర్లు. ఇందులో కొంత ఇంకుతుంది, కానీ యంత్రాలు తిరిగి బిగుసుకున్న నేలలో ఇంకేది తక్కువ.

అన్నిటికంటే ముఖ్యం, నీరు ఎంత వేగంగా మీద పడుతుందన్నది. ప్రవాహ గుణకాన్ని, అంటే పడిన వానలో ఇంకకుండా పారిపోయే వంతును, గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రతతో, హెక్టార్లలో విస్తీర్ణంతో గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఘనపు మీటర్లు వస్తాయి. వట్టి నేలకు గుణకం 0.6 అనుకుని, గంటకు 60 మిల్లీమీటర్ల తీవ్రతతో వాన పడుతోందనుకుంటే, మీ రెండు హెక్టార్ల నుంచి సెకనుకు 0.2 ఘనపు మీటర్లు వస్తాయి. అంటే రెండు వందల లీటర్ల డ్రమ్ములు సెకనుకు ఒకటి చొప్పున ఆ మూలలో కుమ్మరిస్తున్నట్టు. ఎగువ హెక్టారు మీద గడ్డి ఉందనుకుని గుణకం 0.3 తీసుకున్నా ఇంకో 50 లీటర్లు కలుస్తాయి. ఏ గుడ్డా దీన్ని ఆపదు.

గడువుమనిషి
కాంట్రాక్టరు వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. లెక్కలు సరైనవే, కాదనను. అయితే వాటి చివర ఎప్పుడూ ఒకే సలహా వస్తుంది: పెద్ద సెడిమెంట్ బేసిన్, అంటే బురదనీటిని నిలిపి మట్టిని దిగనిచ్చే గుంట, తవ్వండి అని. 500 ఘనపు మీటర్ల గుంట అంటే లోతు మీటరున్నర పెట్టినా నాలుగైదు వందల చదరపు మీటర్ల చోటు పోతుంది. క్రేన్ నిలబడాలి, ఇనుము పేర్చాలి, టిప్పర్లు తిరగాలి. పల్లపు మూలలోనే సాధారణంగా గేటు కూడా ఉంటుంది. నేలను విడతలు విడతలుగా చదును చేయమనడం కూడా తేలికే, కానీ యంత్రాలను మూడుసార్లు రప్పిస్తే మూడుసార్ల ఖర్చు ఎవరు భరిస్తారు? పనివాళ్ళను తప్పుపట్టే ముందు ఈ ఇబ్బంది కూడా చూడండి.

దిగువఇల్లు
నేను ఇంజినీరును కాను. ఇలాంటి ఒక సైట్‌కు దిగువన ఉంటాను. పునాదిరాయి గారు చూసిన పారల దృశ్యం మాకు నాలుగుసార్లు జరిగింది. మొదటిసారి బావి నీళ్ళు ఎర్రబడ్డాయి, రెండోసారి కాలువ పూడిపోయి వాన ఆగిన తర్వాత కూడా ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. మూడోసారి మా అమ్మ బురదలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అడిగిన ప్రతిసారీ మళ్ళీ కడుతున్నామన్నారు, ప్రతిసారీ అదే గుడ్డ అదే చోట కట్టారు. గడువుమనిషి గారు అడిగిన ఖర్చు ఇప్పటికి మేమే భరించాము.

గడువుమనిషి
దిగువఇల్లు గారూ, మీ అమ్మగారి విషయం చదివి చాలా బాధ కలిగింది. నేను అడిగిన ప్రశ్నకు మీరు చెప్పింది న్యాయమైన సమాధానం. చోటు లేని సైట్‌లో ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది, దానికి ఎవరైనా దారి చూపితే నేనూ నేర్చుకుంటాను.

వాలుగట్టు
చూపిస్తాను. తూముకాపరి గారు పేరుకు తగ్గట్టే తూము దగ్గర నిలబడి చెప్పారు, నేను మెరక నుంచి మొదలుపెడతాను.

నీరు పల్లమెరుగు అన్నారు కదా, మనమందరం ఆ పల్లంలోనే కాపు కాస్తాం. అక్కడికి చేరేసరికి నీరు ఎక్కువై ఉంటుంది, వేగం పుంజుకుని ఉంటుంది, మట్టి మోసుకుని ఉంటుంది. వేగం రెట్టింపైతే దాని శక్తి నాలుగింతలవుతుంది. అందుకే మొదటి పని ఎగువ సరిహద్దులో చేయాలి. ఆ హెక్టారు నేల నుంచి వచ్చే నీరు ఇంకా తేటగానే ఉంది. దాన్ని మీ మట్టిలోకి రానివ్వకుండా ఒక చిన్న గట్టు, దాని వెంట ఒక కాలువ తీసి పక్కనుంచి దించేయండి. జేసీబీతో ఒక పూట పని, దానికి సైట్ మధ్యలో చోటు కూడా అక్కరలేదు.

రెండోది నేలను కప్పి ఉంచడం. అయిదు మిల్లీమీటర్ల వాన చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. వట్టి మట్టి మీద పడితే రేణువులను చిందించి విడగొడుతుంది, ఆ సన్నమట్టి నేల రంధ్రాలను మూసేసి పైన పొర కడుతుంది, దాంతో తర్వాతి వాన ఇంకడం కూడా తగ్గిపోతుంది. అదే చినుకు ఎండుగడ్డి మీద పడితే దాని జోరు అక్కడే చస్తుంది. నిర్మాణ స్థలాల నుంచి కొట్టుకుపోయే మట్టి సాధారణంగా సాగు భూములతో పోలిస్తే 10 నుంచి 20 రెట్లు, అడవులతో పోలిస్తే 1000 నుంచి 2000 రెట్లు ఉంటుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. తేడా అంతా ఆ కప్పులోనే ఉంది.

పునాదిరాయి గారూ, నాలుగు భవనాల పనీ ఇప్పుడే మొదలైందా?

పునాదిరాయి
లేదు. దిగువ సగంలో రెండు భవనాల పునాదులు నడుస్తున్నాయి. ఎగువ సగంలోని రెండూ నాలుగు నెలల తర్వాత మొదలవుతాయి.

వాలుగట్టు
అయితే ఒక హెక్టారు నేలను నాలుగు నెలలు ముందే ఒలిచి పెట్టారు. 14 రోజులు లేదా అంతకు మించి పని జరగని నేలకు వెంటనే కప్పు వేసే పని మొదలుపెట్టాలని నేను పైన చెప్పిన సంస్థ అనుమతి నిబంధనల్లో ఉంది. నిబంధన ఎవరిదైనా, లెక్క మీకూ పనికొస్తుంది. ఈ వారమే ఆ ఎగువ సగంలో త్వరగా మొలిచే గడ్డి విత్తనం చల్లి, మీద ఎండుగడ్డి పరిపించండి. ఎగువ సగానికీ దిగువ సగానికీ మధ్య ఇంకో అడ్డగట్టు వేయండి. మీరు పట్టుకోవలసిన బురదనీరు మూడు హెక్టార్లది కాస్తా ఒక హెక్టారుకు తగ్గుతుంది. గడువుమనిషి గారు భయపడిన 500 ఘనపు మీటర్ల గుంట కూడా సగానికి సగం తగ్గుతుంది.

నీటిలెక్క
చివరి వాక్యంతో ఏకీభవించలేను. గడ్డి మొలిచి వేళ్ళూనే వరకు ఎగువ సగం నుంచి వచ్చేది తేటనీరు కాదు. ఎండుగడ్డి చాలా మేలు చేస్తుంది కానీ మొదటి వారాల్లో ఆ నీటిని కూడా గుంటకే చేర్చాలి, తర్వాత వేరు చేయవచ్చు. కాబట్టి మొదట్లో లెక్క రెండు హెక్టార్లకే వేయాలి.

వాలుగట్టు
ఒప్పుకుంటున్నాను, తొందరపడి రాశాను. ఎగువ ఖాళీ నేల నీటిని ఈ రోజే మళ్ళించవచ్చు, మీ ఎగువ సగం నీటిని మాత్రం గడ్డి పచ్చబడ్డాక.

గడువుమనిషి
ఎగువ గట్టు సంగతి నాకు నచ్చింది, నేను ఎప్పుడూ ఆ వైపు చూడలేదు. ఎండుగడ్డి మీద నాకు నమ్మకం లేదు. ఒక సైట్‌లో పరిపిస్తే రెండు రోజుల్లో గాలికి లేచి పక్క స్థలం కంచెకు చేరింది.

పచ్చగడ్డి
గడ్డి పరిచి వదిలేస్తే ఎగురుతుంది. పరిచిన తర్వాత ట్రాక్టరుకు పళ్ళెపు నాగలి కట్టి, పళ్ళేలను నిటారుగా పెట్టి ఒకసారి తిప్పితే గడ్డి పరకలు సగం మట్టిలో దిగి నిలబడతాయి. నిటారు వాలుల మీద కొబ్బరి పీచు చాపలు పరిచి మేకులు దించడం మేలు. చాప నేలకు పూర్తిగా అంటుకునేలా చూడండి. కింద సందు ఉంటే నీరు చాప కిందనుంచే కోసుకుంటూ పోతుంది, పైనుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఇంకొక చిన్న పని ఉంది, దానికి ఖర్చే లేదు. వాలు మీద చైన్ బండిని అడ్డంగా నడిపితే దాని పట్టీల గుర్తులు పైనుంచి కిందికి చిన్న చిన్న కాలువల్లా పడతాయి, నీరు వాటి వెంటే జారుతుంది. అదే బండిని పైకీ కిందికీ నడిపితే ఆ గుర్తులు వాలుకు అడ్డంగా, మెట్లలా పడతాయి. ప్రతి మెట్టులోనూ గుక్కెడు నీరు, నాలుగు విత్తనాలు నిలుస్తాయి. మా దగ్గర ఒకే వాలులో సగం ఇలా, సగం అలా నడిపించారు. నెల తర్వాత మెట్లున్న సగం పచ్చగా ఉంది, రెండో సగంలో అరచేయి పట్టేంత వెడల్పు గాళ్ళు పడ్డాయి.

కొత్తఇంజినీరు
కాలువలో నీటి జోరు తగ్గించడానికి గడ్డి మోపులు అడ్డం పెట్టవచ్చా? మా సైట్‌లో అలాగే పెట్టారు.

తూముకాపరి
వద్దు. మోపులు తడిసి కుళ్ళుతాయి, వాటి మధ్య సందుల్లోంచి, కిందనుంచి నీరు దూరుతుంది, పెద్ద వానకు అవే కొట్టుకుపోయి దిగువనున్న తూముకు అడ్డం పడతాయి. రాళ్ళతో చిన్న అడ్డుకట్టలు వేయండి. వాటి నడిమి భాగం అంచులకంటే కనీసం 15 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి, లేకపోతే నీరు అంచుల పక్కనుంచి ఒడ్డును కోస్తుంది. దిగువ కట్ట నడిమి మట్టం, ఎగువ కట్ట అడుగు మట్టం సమానంగా వచ్చేలా దూరం పెట్టాలి. 4 శాతం వాలులో 60 సెంటీమీటర్ల ఎత్తు కట్టలైతే 15 మీటర్లకు ఒకటి.

గుంట విషయానికి వస్తే, ఒకే పెద్ద గుంటకు చోటు లేకపోతే రెండు చిన్నవి తవ్వవచ్చు. హెక్టారుకు దాదాపు 250 ఘనపు మీటర్లు అన్నది చాలాచోట్ల వాడే కొలత, అది 25 మిల్లీమీటర్ల వానకు సమానం. పైన 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, మీటరు లోతు పెట్టి, పక్కలకు 1.5కు 1 వాలు ఇస్తే ఒక్కో గుంటలో దాదాపు 125 ఘనపు మీటర్లు పడతాయి. పొడవు వెడల్పుకు రెట్టింపైనా ఉండాలి, నీరు ఒక కొసన వచ్చి రెండో కొసన పోవాలి. వచ్చే దారి, పోయే దారి ఒకే మూలలో పెడితే నీరు గుంటను వాడుకోకుండానే దాటిపోతుంది. తూము అడుగునుంచి తీయకండి. తేలే పైపు అమర్చి, పైన తేరిన నీటినే వదలాలి. పెద్ద వానకు అలుగు తప్పనిసరి, దాని మట్టం కట్ట కంటే కనీసం 30 సెంటీమీటర్లు కిందుగా ఉండి రాళ్ళు పరిచి ఉండాలి. అలుగు లేని గుంటకు గండి పడితే మీరు చూసిన బురద చాలా చిన్నదనిపిస్తుంది.

మట్టిసీసా
గుంట కొలతలు చెప్పేవాళ్ళు మట్టి ఏమిటని అడగకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. పునాదిరాయి గారూ, ఆ మూలలోని బురదనీటిని ఒక గాజు సీసాలో పట్టి, కదలని చోట పెట్టండి. గడియారం చూస్తూ ఉండండి.

ఇసుక కళ్ళముందే దిగుతుంది. 0.1 మిల్లీమీటరు రేణువు మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. 0.01 మిల్లీమీటరు ఒండ్రు రేణువుకు మూడు గంటలు పడుతుంది. 0.001 మిల్లీమీటరు బంకమట్టి రేణువుకు దాదాపు 13 రోజులు కావాలి. రేణువు వ్యాసం పదోవంతైతే దిగే వేగం నూరోవంతవుతుంది, స్టోక్స్ సూత్రం చెప్పేది ఇదే. పైగా ఇది కదలని నీటి లెక్క, గుంటలో నీరు కదులుతూనే ఉంటుంది. మీ సీసాలో మర్నాటికీ నీరు పాలు కలిపిన టీ రంగులో ఉంటే, ఎంత గుంట తవ్వినా ఆ మట్టి చెరువుకే చేరుతుంది.

పునాదిరాయి
పట్టి పెట్టాను. రాత్రి ఎనిమిది గంటలకు మేజా మీద ఉంచాను. పడుకునేలోపు అడుగున రెండు వేళ్ళ మందం గరుకు మట్టి తేరింది. ఉదయానికి దాని మీద సన్నని మెత్తటి పొర ఒకటి వచ్చింది. పైన నీరు మాత్రం ఇంకా ఇటుక రంగులోనే ఉంది, సీసా వెనక వేలు పెడితే కనిపించడం లేదు.

పంపుసెట్టు
పటిక వేయండి, గంటలో తేరుతుంది. మేము సెల్లారు నీళ్ళకు గుప్పెళ్ళతో వేస్తాము.

మట్టిసీసా
గుప్పెళ్ళతో వేయడమే ప్రమాదం. పటిక నీటి ఆమ్లతను పెంచుతుంది. మోతాదు మించితే నీరు తేటగానే కనిపిస్తుంది, కానీ అందులో కరిగిన అల్యూమినియం చేపలకు విషమవుతుంది. తేట నీరంతా మంచి నీరనుకోకూడదు. జిప్సం ఆమ్లతను అంతగా కదిలించదు, కొన్ని బంకమట్టులకు బాగా పనిచేస్తుంది. సన్నమట్టిని ముద్ద కట్టించే రసాయనం పాలీఅక్రిలమైడ్ వాడితే రుణావేశం గల రకమే వాడాలి, ధనావేశం గలది చేపల మొప్పలకు అంటుకుంటుంది. ఏది వాడినా ముందు సీసాల్లో కొద్దికొద్దిగా వేసి, మీ మట్టికి ఏది ఎంత చాలునో చూసుకుని, ఆ తర్వాతే గుంటలో కలపండి. ఒక మట్టిని ఇట్టే పేరబెట్టినది ఇంకో మట్టిని కదిలించకపోవచ్చు.

కలిపిన తర్వాత ముద్దలు కట్టి అడుగుకు దిగే వ్యవధి కూడా ఉండాలి. మందు వేసిన నీటిని నేరుగా కాలువలోకి వదలవద్దు.

పంపుసెట్టు
ఈ విషయం నాకు తెలియదు. మేము ఇన్నాళ్ళూ చేసింది తలచుకుంటే మనసుకు కష్టంగా ఉంది, రేపటి నుంచి మానేస్తాము. సెల్లారు గుంత గురించి నాకు బాగా తెలిసినది చెబుతాను. పంపు మూతిని అడుగున పెడితే బురదే తోడుతుంది. దాన్ని ఒక తేలే డబ్బాకు కట్టి, నీటి పైభాగానికి ఒక చేయి లోతులో ఉంచండి. వాన ఆగిన వెంటనే తోడకుండా మట్టి కాస్త దిగనివ్వండి. పైపు రెండో కొసను రోడ్డు మీదికి పెట్టకుండా మీ గుంటలోకే పెట్టి, ఆ చోట రాళ్ళు పరవండి, లేకపోతే ఆ ధారే కొత్త గాడి కోస్తుంది. మరీ ఆలస్యం కూడా చేయవద్దు, నానిన గుంత గోడలు ఎప్పుడు విరిగి పడతాయో చెప్పలేము. గోడలు చూడకుండా ఎవరినీ లోపలికి దింపకండి, చుట్టూ కంచె కట్టండి.

దిగువఇల్లు
ఆ గుంటల్లో రోజుల తరబడి నీరు నిలిస్తే దోమలు రావా? మా వీధికి అదొక భయం.

తూముకాపరి
గుడ్డు నుంచి దోమ కావడానికి సాధారణంగా వారం, పది రోజులు పడుతుంది. మూడు రోజుల్లో గుంట ఖాళీ అయ్యేలా తూము పెడితే ఆ భయం ఉండదు. బంకమట్టికి 13 రోజులు, దోమకు వారం అన్న ఈ పేచీ వల్లే మట్టిసీసా గారు చెప్పిన పరీక్ష తప్పనిసరి అవుతుంది.

పచ్చగడ్డి
ఇద్దరు ముగ్గురు రోడ్డు మీద మట్టి గురించి అన్నారు. దానిలో చాలా భాగం టిప్పర్ల టైర్లతో వస్తుంది. గేటు దగ్గర జియోటెక్స్‌టైల్ అనే గట్టి గుడ్డ పరిచి, దాని మీద 50 నుంచి 75 మిల్లీమీటర్ల కంకర 15 సెంటీమీటర్ల మందాన, కనీసం 15 మీటర్ల పొడవున వేస్తే టైర్లు అక్కడే మట్టి వదులుతాయి. కింద గుడ్డ వేయకపోతే కంకర నెల రోజుల్లో బురదలో మునిగిపోతుంది. రోడ్డు మీద పడిన మట్టిని చీపురుతో, పారతో ఎత్తండి. నీళ్ళతో కడిగితే అదంతా కాలువలోకే పోతుంది.

కాంక్రీటు లారీలు కడిగే చోటు కూడా వేరుగా ఉండాలి. ఆ నీటి పీహెచ్ 12 దాటుతుంది, చర్మాన్ని కాల్చేంత క్షారం అది. ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంటలో కడిగించి, గట్టిపడ్డాక ఎత్తేయాలి. దాన్ని మట్టి గుంటలో ఎప్పుడూ కలపవద్దు.

గడువుమనిషి
నాకు మిగిలిన సందేహం ఒక్కటే. ఇవన్నీ కట్టిన తర్వాత చూసేవాళ్ళెవరు? నా అనుభవంలో మొదటి వారం అందరూ చూస్తారు, నెల తర్వాత ఎవరూ చూడరు.

నీటిలెక్క
ఒక మనిషి పేరు రాసి పెట్టండి, పదవి కాదు. వారానికోసారి, 6 మిల్లీమీటర్లు దాటిన ప్రతి వాన తర్వాత 24 గంటల్లోపు ఒకసారి ఆ మనిషి గట్టు వెంట నడవాలి. సైట్‌లో వానమాపకం పెడితే ఎంత కురిసిందన్న వాదన ఉండదు. వాన పడుతుండగా వెళ్ళి చూడడం ఇంకా మంచిది. నీరు ఎక్కడ తిరుగుతోందో పొడి నేల చెప్పదు.

పునాదిరాయి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. రెండు పొరల ఫెన్స్ ఆపించాను. ఎగువ సరిహద్దు గట్టు, కాలువ ఒక పూటలో అయ్యాయి. ఎగువ సగంలో విత్తనం చల్లి ఎండుగడ్డి పరిపించి, పళ్ళేలతో నొక్కించాము, అక్కడక్కడా పచ్చ కనిపిస్తోంది. పల్లంలో తూముకాపరి గారి కొలతలతో రెండు గుంటలు తవ్వించాను. గడ్డి పూర్తిగా వచ్చే వరకు ఇవి చాలవని తెలుసు, మూడోదానికి చోటు వెతుకుతున్నాము. మిగిలిన ఫెన్స్‌ను చిన్న చిన్న ముక్కలుగా, కందకం తీసి మళ్ళీ కట్టించాము.

నిన్న వానమాపకంలో 31 మిల్లీమీటర్లు నమోదైంది. రెయిన్‌కోటు వేసుకుని గట్టు వెంట నడిచాను. గుంటలు నిండి, నీరు అలుగు రాళ్ళ మీదుగా పోయింది, కట్టకు ఏమీ కాలేదు. ఎగువ గట్టు మాత్రం ఒకచోట తెగింది. మెరక నుంచి వచ్చే టిప్పరు అక్కడ గట్టును దాటుతోంది, టైర్ల గాడిలోంచే నీరు లోపలికి దిగింది. అలుగు దగ్గర పట్టిన నీళ్ళ సీసా ఇప్పుడు మేజా మీద పాత సీసా పక్కనే ఉంది. పాతదాని కంటే చాలా నయం, వేలు నీడలా కనిపిస్తోంది, కానీ తేట అనలేను. జిప్సంతో అయిదు సీసాల్లో పరీక్ష మొదలుపెట్టాను.

తూముకాపరి
టిప్పరు దాటే చోట గట్టు కింద పైపు వేసి, దాని మీద కంకరతో ఎత్తు పెంచండి. లేదా దారి మార్చండి. ప్రతిరోజూ మట్టి పోసి పూడ్చడం మాత్రం పెట్టుకోకండి.

దిగువఇల్లు
రోడ్డు మీద మట్టి ఎత్తుకున్న ఆ ఇంటివాళ్ళతో మాట్లాడారా?

పునాదిరాయి
మాట్లాడాను. ముందు చాలా కోపంగా ఉన్నారు, తర్వాత వాళ్ళే కాలువ వెంట నడిపించి ఎక్కడెక్కడ పూడిందో చూపించారు. నలభై మీటర్ల దాకా సగానికి పైగా పూడి ఉంది. సోమవారం నుంచి మా మనుషులతో పూడిక తీయిస్తున్నాము, తీసిన మట్టిని కాలువ గట్టున వేయకుండా సైట్‌కే తెప్పిస్తున్నాను. నీటిలెక్క గారు చెప్పినట్టు గేటు పక్క బోర్డు మీద నా పేరు, ఫోను నంబరు రాయించాను.